మావయ్య కేసు, హ్యూగో కథ, మధ్యలో నా డిసర్టేషన్

ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను. రాసినమ్మాయిది యానాం. హైదరాబాదులో ఎం.ఏ. ఫ్రెంచి రెండో ఏడాది చదువుతోంది. తాతగారు ఫ్రెంచివాళ్ల కాలంలో బడికి వెళ్లినాయన, అందుకని ఇంట్లో ఆ భాషంటే గౌరవమే. గొడవంతా డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) టాపిక్ దగ్గర వచ్చింది. 'వోల్టేర్ నుంచి కామూ దాకా ఫ్రెంచి సాహిత్యంలో నేరం, న్యాయం' అని రాసి ఇస్తే, గైడ్ చూసి ఇది సముద్రం, ముందు నేరమంటే ఏమిటో నిర్వచించుకుని రెండు వారాల్లో రా అన్నారట. నాన్నగారు కాకినాడలో ఒక క్రిమినల్ లాయరు దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తా. "కోర్టులో రోజూ చూసేవే కదమ్మా, వాటిని కథల్లో చదవడానికి రెండేళ్లా? అంత ఇష్టమైతే లా చదువు" అంటున్నారు. స్నేహితులేమో డిటెక్టివ్ నవలలు తీసుకో, హాయిగా అయిపోతుంది అంటున్నారు. ఇవన్నీ రాశాక ఆఖరి పేజీలో అసలు సంగతి ఉంది. ఈ అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా చిన్న మావయ్యని ఒక చీటింగ్ కేసులో అరెస్టు చేశారు. పదకొండు నెలలు రిమాండులో ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత కేసు కొట్టేశారు. ఆ తర్వాత పెళ్లిళ్లకీ పేరంటాలకీ రావడం మానేశాడు. ఆ ఊసెత్తితే అమ్మ లేచి వెళ్లిపోతుంది. హ్యూగో రాసిన మరణశిక్ష ఖైదీ చివరి రోజు పుస్తకం చదివినప్పటి నుంచి ఈ అమ్మాయికి నిద్ర సరిగా పట్టడం లేదు. టాపిక్ వదిలేయనా, లా చదవనా, మావయ్య గురించి డిసర్టేషన్‌లో రాయొచ్చా, ఇదంతా నా స్వార్థమా, ఇంగ్లీషు అనువాదంలో చదవడం తప్పా అని అడిగింది.

అమ్మాయ్, మాస్టారూ అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను.

నీ టాపిక్ అంత పెద్దదైపోవడానికి కారణం నువ్వు ఎక్కువ చదివేయడం కాదు. మావయ్య పేరెత్తకుండా మావయ్య గురించి రాయాలనుకున్నావు. దానికి రెండు వందల ఏళ్ల సాహిత్యాన్ని అడ్డం పెట్టుకున్నావు. తప్పేం లేదు, ఇలాంటి టాపిక్ ఎంచుకునేవాళ్లలో చాలామందికి లోపల ఏదో ఒక కేసు ఉంటుంది. అయితే ఈ రెంటినీ ముందు విడదీసుకోవాలి. లేకపోతే గైడ్ అడిగిన ప్రతి ప్రశ్నా మావయ్యని బోనెక్కించినట్టే అనిపిస్తుంది నీకు.

ముందు చదువు సంగతి. వోల్టేర్ నుంచి కామూ దాకా అన్నావు. మధ్యలో ఎవరెవరున్నారో చూడు. గ్రెనోబుల్ కోర్టులో 1827లో విచారణ జరిగిన ఆంత్వాన్ బెర్తే కేసు తీసుకుని స్తాందాల్ 'ఎరుపు, నలుపు' నవల రాశాడు. పాత ఖైదీగా ఉండి పోలీసు అధికారి అయిన విదోక్‌ని చూసి బాల్జాక్ వోత్రాన్ పాత్రని చేశాడు. దేశద్రోహమని తప్పుడు కేసులో శిక్షపడిన సైనికాధికారి డ్రైఫస్ కోసం రచయిత జోలా 1898 జనవరి 13న పత్రికలో బహిరంగ లేఖ అచ్చేసి, తానే ముద్దాయై, శిక్ష పడితే ఇంగ్లండు పారిపోయాడు. 1857లో అయితే సాహిత్యమే బోనెక్కింది, నవలాకారుడు ఫ్లోబేర్ మీదా కవి బోద్‌లేర్ మీదా ఒకే ఏడాది ఒకే ప్రాసిక్యూటరు వాదించాడు, మొదటాయన బయటపడ్డాడు, రెండో ఆయనకి జరిమానా వేసి ఆరు పద్యాలు నిషేధించారు. ఆ నిషేధం 1949 దాకా పోలేదు. ఇందులో ఏ ఒక్కటైనా ఒక పీహెచ్‌డీ. నువ్వు రాయాల్సింది ఎం.ఏ. డిసర్టేషన్. గైడ్ సముద్రం అన్నది నిన్ను తగ్గించడానికి కాదు.

నేరాన్ని నిర్వచించు అన్నారే, దాని దగ్గర మాత్రం నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. నిర్వచనంతో మొదలుపెడితే నలభై పేజీలు అక్కడే అయిపోతాయి. మీ ఊరి సంగతే చూడు. శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహం శిక్షపడే నేరమైంది. ఫ్రెంచివాళ్ల యానాంలో ఆ చట్టం లేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం పిల్లల్ని తీసుకుని అక్కడికొచ్చి పెళ్లిళ్లు చేసేవాళ్లు, ఊరికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. పొలిమేర ఇవతల నేరం, అవతల శుభకార్యం. గైడ్ మరీ పట్టుబడితే ఈ ఉదాహరణ చెప్పు, ఆయనే నవ్వి వదిలేస్తారు.

నేరమేమిటి అని కాకుండా తీర్పు చెప్పేవాళ్లెవరు, వాళ్లు ఏ ప్రశ్నలు అడిగారు, ఏవి అడగలేదు అని చూడు. ఫ్రెంచి రచయితల బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. వాళ్లకి హత్య మీద కన్నా హత్య తర్వాత కోర్టులో జరిగే తంతు మీద ఆసక్తి ఎక్కువ. కామూ నవల 'లెట్రాంజే' (పరాయివాడు, 1942) సంగతే చూడు. హత్య మొదటి భాగం చివర కొద్ది పేజీల్లో అయిపోతుంది. రెండో భాగమంతా జైలు, విచారణ. ఆ విచారణలో హత్య చేసిన కథానాయకుడు మెర్సో తన తల్లి శవం దగ్గర ఏడ్చాడా లేదా, పాల కాఫీ ఎందుకు తాగాడు, మర్నాడే ఒకమ్మాయితో హాస్య సినిమాకి ఎందుకెళ్లాడు అనేవి చంపిన సంగతి కన్నా పెద్దవైపోతాయి. చచ్చిపోయిన అరబ్బు యువకుడికి పుస్తకంలో పేరే లేదు. ఆ లోటు పట్టుకునే అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో చనిపోయినవాడి తమ్ముడి నోట ఇంకో నవల చెప్పించాడు.

ఇక నీ ముందున్న దారులు చెబుతాను, ఏది ఎంచుకుంటే ఏం జరుగుతుందో కూడా.

నాకు అన్నిటికన్నా నచ్చింది క్లెర్వో జైలు. షాంపేన్ ప్రాంతంలో త్రువా పట్టణానికి దూరంగా ఉండేది ఈ జైలు, అంతకుముందు క్రైస్తవ సన్యాసుల మఠం, 2023లో జైలు మూసేశారు. 1831లో అక్కడ క్లోద్ గ్యూ అనే ఖైదీ వర్క్‌షాపు అధికారిని గొడ్డలితో చంపాడు, 1832లో త్రువాలో అతని తల తీశారు. హ్యూగో దాన్ని 1834లో చిన్న కథగా రాశాడు. కథలో ఆ ఖైదీకి జైలు కూడు చాలదు, ఆల్బాన్ అనే కుర్రాడు తన రొట్టె పంచుతుంటాడు, అధికారి కారణం చెప్పకుండా వాళ్లని విడదీస్తాడు. ఎందుకు అని గ్యూ అడుగుతూనే ఉంటాడు, అందుకే అనే జవాబు తప్ప ఏమీ రాదు. చంపబోయే ముందు గ్యూ తోటి ఖైదీలని పోగేసి, తాను ఈ మనిషిని విచారించి మరణశిక్ష వేశానని చెప్పి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతాడు. అంటే హంతకుడే ఒక కోర్టు పెడతాడు! ఆ తర్వాత ప్రభుత్వం పెట్టిన కోర్టు వస్తుంది. రెండు కోర్టుల్నీ పక్కపక్కన పెట్టి హ్యూగో మనల్ని చూడమంటాడు. అసలు గ్యూ హ్యూగో చూపించినంత మంచివాడేం కాదు, ఆ తేడా కూడా నీకు పనికొచ్చే సరుకే.

ఇప్పుడు 1971కి రా. అదే క్లెర్వోలో బ్యూఫే, బోంతాం అనే ఇద్దరు ఖైదీలు ఒక నర్సునీ ఒక గార్డునీ బందీలుగా పట్టుకున్నారు, ఆ బందీలిద్దరూ ప్రాణాలు కోల్పోయారు. 1972లో విచారణ జరిగింది మళ్లీ త్రువాలోనే. బోంతాం స్వయంగా ఎవర్నీ చంపలేదని జ్యూరీ ఒప్పుకుంది, అయినా అతనికీ మరణశిక్షే పడింది, ఆ ఏడాది నవంబరులో ఖైదీలిద్దరికీ గిలటిన్ యంత్రంతో తల తీశారు. బోంతాం తరఫు లాయర్లలో ఒకాయన రొబేర్ బదాంతేర్. ఆయన 1973లో దాని మీద పుస్తకం రాశాడు, పేరు 'లెగ్జెక్యూసియోన్' (మరణశిక్ష అమలు). 1977 జనవరిలో అదే త్రువాలో ఇంకో హంతకుడి తరఫున నిలబడి మరణశిక్ష తప్పించాడు. 1981లో న్యాయశాఖ మంత్రిగా ఉండి మరణశిక్షనే రద్దు చేయించాడు. ఒక జైలు, ఒక ఊరి కోర్టు, రెండు చిన్న పుస్తకాలు, నూట నలభై ఏళ్ల ఎడం. దీన్ని పట్టుకుంటే నీ సముద్రం ఒక్కసారిగా కాలవంత అవుతుంది. చిక్కులు లేకపోలేదు. ఫ్రెంచి కోర్టుల పనితీరు కొంత నేర్చుకోవాలి. బదాంతేర్ రాసింది నవల కాదు, ఇది సాహిత్యమేనా అని వైవాలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, జవాబు మొదటి అధ్యాయంలోనే పెట్టుకోవాలి.

రెండో దారి కామూ, దావూద్. భాష తేలిక, మెర్సో వాక్యాలు పొట్టివి, నీ ఫ్రెంచికి మంచి సాధన. కానీ 'లెట్రాంజే' మీద ప్రపంచంలో ప్రతి యూనివర్సిటీలోనూ రాశారు. కొత్త మాట చెప్పడం కష్టం, పాత మాట శుభ్రంగా చెప్పినా మార్కులు వస్తాయి. నీకు మార్కులు ముఖ్యమైతే ఇదే క్షేమం.

మూడోది నీ ఉత్తరంలో లేదు. ఆంద్రే జీద్ 1912లో రువాన్ నగరంలో జ్యూరీ సభ్యుడిగా కూర్చుని, ఆ అనుభవాన్ని 1914లో పుస్తకంగా వేశాడు. అందులో హీరో లేడు, గొప్ప ఉపన్యాసాలు లేవు. దొంగతనాలు, దాడులు, ఇళ్లు తగలబెట్టడాలు వరసగా వస్తుంటాయి, జ్యూరీకి ఇచ్చే ప్రశ్నలు అవును, కాదు అని మాత్రమే చెప్పేలా ఉండటంతో మనసులో ఉన్నది చెప్పలేక వాళ్లు తంటాలు పడుతుంటారు. మీ నాన్నగారు వింటే లోకంలో కోర్టులన్నీ ఒకటే అంటారు! ఈ పుస్తకం మీద మన దగ్గర పని చేసినవాళ్లు తక్కువ. సహాయం తక్కువ దొరుకుతుంది, స్వేచ్ఛ ఎక్కువ దొరుకుతుంది.

డిటెక్టివ్ నవలలు తక్కువ రకమని నేనను. 1866లో గాబోరియో రాసిన లెరూజ్ కేసు నవల నుంచి, బెల్జియంలో పుట్టిన సిమెనాన్ సృష్టించిన పోలీసు అధికారి మెగ్రే దాకా బంగారంలాంటి సరుకుంది. కానీ వాటిలో ఎక్కువ భాగం దొంగ దొరికిన చోట ఆగిపోతాయి. నీ ప్రశ్న దొరికిన తర్వాత ఏమవుతుందన్నది కదా. స్నేహితుల మాట విని అటు వెళ్తే డిసెంబరుకల్లా విసుగొస్తుంది.

ఇక నాన్నగారు. ఆయన మాటలో ఎగతాళి కన్నా భయం ఎక్కువ కనిపిస్తోంది నాకు. ఫ్రెంచి చదివిన పిల్లకి ఉద్యోగం వస్తుందా రాదా అన్నదే ఆ భయం. దానికి టాపిక్ గురించి చెప్పి లాభం లేదు. కంపెనీలు చూసేది భాష స్థాయి, బీ2నో సీ1నో సర్టిఫికెట్టు చేతిలో ఉంటే ఆయన సగం శాంతిస్తారు. డిసర్టేషన్ కామూ మీద రాశావా హ్యూగో మీద రాశావా అని ఉద్యోగమిచ్చేవాడు అడగడు.

లా మాట కొట్టిపారేయకు. ఎం.ఏ. అయ్యాక లాసెట్ (లా ప్రవేశపరీక్ష) రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు, ఈ డిసర్టేషన్ అప్పుడు అడ్డం రాదు సరికదా పనికొస్తుంది. ఇప్పుడే మానేసి వెళ్తే మాత్రం ఒక డిగ్రీ సగంలో పోతుంది, పైగా మావయ్య కోసం లాయరైన పిల్లవి అవుతావు. మావయ్య కేసు అయిపోయింది కదమ్మా. అయిపోయిన కేసు కోసం ముప్ఫై ఏళ్ల వృత్తి ఎంచుకోవడం గురించి కాస్త ఆలోచించు. నీకు నిజంగా కోర్టు పని నచ్చితే అది వేరే మాట. సెలవుల్లో ఒక వారం నాన్నగారి వెంట ఆఫీసుకి వెళ్లి చూడు, ఇష్టమో కాదో అక్కడ తేలుతుంది.

నాన్నగారితో సాహిత్యం మాట్లాడాలంటే వోల్టేర్ దగ్గర మొదలుపెట్టు, హ్యూగో దగ్గర కాదు. తూలూజ్‌లో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంటు వర్తకుణ్ణి, కొడుకు కేథలిక్ మతంలోకి మారతాడేమోనని చంపేశాడంటూ 1762 మార్చి 10న చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. వోల్టేర్ మొదట్లో ఆయన దోషేనేమో అనుకున్నాడు. తర్వాత కలాస్ ఇంకో కొడుకుతో మాట్లాడి, విషయాలు కూడదీసి, పోరు మొదలుపెట్టాడు. ఆయన అడిగినది దయ కాదు, కోర్టు కాగితాలు! అప్పట్లో విచారణ రహస్యం, తీర్పుకి కారణాలు చెప్పాల్సిన పని లేదు. రికార్డు పంపమని రాజుగారి కౌన్సిల్ 1763లో తూలూజ్ కోర్టుని ఆదేశించింది, 1765లో కలాస్ నిర్దోషని తేల్చారు. ఏళ్ల తరబడి సర్టిఫైడ్ కాపీల కోసం కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరిగిన మనిషికి ఈ కథ నువ్వు చెప్పాల్సినంత కూడా ఉండదు, మిగిలింది ఆయనే అడుగుతారు. ఇంకోటి చెప్పు: ఫ్రాన్సులో హత్యలాంటి పెద్ద నేరాలు విచారించే కోర్టులో మామూలు పౌరులు జడ్జీల పక్కన కూర్చుని ఓటేస్తారు, ఆ తీర్పుకి కారణాలు రాసి తీరాలన్న చట్టం 2011లో గానీ రాలేదు. మన దగ్గర జడ్జి కారణాలు రాయకపోతే పై కోర్టు ఊరుకుంటుందా అని ఆయనే వాదనకి దిగుతారు. ఆ వాదన నోట్‌బుక్‌లో రాసుకో, నీకు ఒక అధ్యాయం ఉచితంగా వస్తుంది.

ఇప్పుడు మావయ్య. డిసర్టేషన్‌లో ఆయన గురించి రాయకపోతే మంచిదని నా మాట, అయితే నిర్ణయం నీదీ ఆయనదీ. రాస్తే ముందుమాటలో రెండు వాక్యాలే అనుకుంటావు. వైవాలో ముక్కూమొహం తెలియనాయన ఇంతకీ మీ మావయ్య ఏం చేశాడు అని అడుగుతాడు, ఎప్పుడో కొట్టేసిన కేసుని నువ్వు మళ్లీ వాదించాలి. అడిగి రాస్తే ఒక రకం, అడక్కుండా రాస్తే ఇంకో రకం. ఆయన వద్దంటే అక్కడితో ఆపాలి, సాహిత్యం పేరు చెప్పి ఒప్పించకూడదు. ఆయన సరేనన్నా అమ్మ సంగతి చూడాలి.

రచయితల సానుభూతి ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకు. 1984లో ఫ్రాన్సులో ఒక నాలుగేళ్ల పిల్లాణ్ణి చంపి నదిలో పడేశారు. మరుసటి ఏడాది మార్గరీత్ దూరాస్ ఆ ఊరు వెళ్లి, తల్లిని కలవకుండానే, తల్లే చంపి ఉంటుందన్న అర్థం వచ్చేలా ఒక వ్యాసం రాసింది. ఆడదాని బతుకులోని బాధంతా అర్థం చేసుకున్నట్టు, మహా కవితాత్మకంగా! 1993లో కోర్టు ఆ తల్లి మీద ఏ ఆధారమూ లేదని తేల్చింది. ఈ వ్యాసం నీ టాపిక్‌కి పనికొచ్చినా రాకపోయినా ఒకసారి చదువు. వోల్టేర్ కాగితాలు అడిగాడు, దూరాస్ అడగలేదు, నేను చెప్పేది అంతే.

మావయ్య గురించి రాయాలన్న కోరిక మాత్రం స్వార్థం కాదు. మన జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ ఖైదీలే, ఒక్కొక్కరి వెనక ఒక ఇల్లు నోరు మూసుకుని ఉంటుంది. వేరే నోట్‌బుక్ పెట్టుకుని తెలుగులో రాసుకో, ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ పండక్కి ఇంటికెళ్లినప్పుడు మావయ్య షాపులో ఓ పూట కూర్చో. కేసు మాట నువ్వు ఎత్తకు. ఏం చదువుతున్నావే అని అడిగితే హ్యూగోని, అదే బీదలపాట్లు సినిమాగా తీసిన నవల రాసినాయన్ని, చదువుతున్నానని చెప్పు. ఆయన మాట్లాడితే వింటావు, మాట్లాడకపోతే టీ తాగి వస్తావు.

నిద్ర సంగతికొస్తే, ఆ పుస్తకంలో ఖైదీకి పేరు లేదు, ఏం నేరం చేశాడో హ్యూగో వివరంగా చెప్పడు, 1829లో మొదటిసారి అచ్చయినప్పుడు రచయిత పేరు కూడా వేసుకోలేదు. అంత ఖాళీ వదిలాడు కాబట్టే అందులో నీకు మావయ్య కనిపించాడు. ఆ ఖైదీకి శిక్ష పడింది, మీ మావయ్య మీద కేసు నిలవలేదు, ఆ తేడా గుర్తుపెట్టుకుని పగటిపూట, నలుగురు ఉన్న లైబ్రరీలో చదువు. దానికి 1832లో హ్యూగో రాసిన పెద్ద ముందుమాట ఉంది, ముందు అది చదివితే పుస్తకం గుండెల మీద కూర్చోకుండా ఎదురుగా కూర్చుని వాదిస్తుంది. అయినా ఇంకో రెండు వారాలు నిద్ర పట్టకపోతే మీ యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలువు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. దీన్ని డిసర్టేషన్ టెన్షన్ అని కొట్టిపారేయొద్దు.

ఇంగ్లీషు అనువాదంలో చదవడం తప్పేమీ కాదు. కథ ముందు అనువాదంలో చదివెయ్, తర్వాత కోర్టు సీన్లు మాత్రం ఫ్రెంచిలో, పెన్సిలు పట్టుకుని, ఎవరెవరు ఎవర్ని ఏమడిగారో మార్జిన్‌లో రాసుకుంటూ చదువు. గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పేజీల జిరాక్సులు పట్టుకెళ్తే నిర్వచనం కన్నా బాగా పనిచేస్తాయి. హ్యూగో రచనలూ జీద్ పుస్తకమూ నెట్‌లో ఫ్రెంచిలో ఉచితంగా దొరుకుతాయి. బదాంతేర్ కొనుక్కోవాల్సిందే, కొనే ముందు హైదరాబాదు అలియాన్స్ ఫ్రాన్సేజ్ లైబ్రరీలో ఉందేమో అడుగు.